ఒంటి మీద బంగారం, డబ్బా లేని ఫోను, నాటుకోడి పచ్చడి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్లుగా దుబాయ్‌లో ఉద్యోగం చేస్తోంది, తమ్ముడి పెళ్లికి వస్తూ అక్కడ కొన్న 60 గ్రాముల నగలు తెస్తానంటోంది. ఒంటి మీద వేసుకుంటే కస్టమ్స్‌వాళ్లు అడగరని మా వీధిలో అందరూ అంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వీధిలో అందరూ చెప్పే మాటే అమ్మా, అది నమ్మే చాలామంది ఇరుక్కుంటున్నారు. మెడలో ఉన్నా పెట్టెలో ఉన్నా లెక్క ఒక్కటే. ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చే ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాముల వరకు నగల మీద డ్యూటీ (దిగుమతి సుంకం) లేదు. ఇదివరకు 2016 నాటి రూల్స్‌లో ఈ బరువుతో పాటు విలువకూ హద్దు ఉండేది, ఆడవాళ్లకు లక్ష, మగవాళ్లకు 50 వేలు, అంటే లక్షకి పది గ్రాములు కూడా రాని ఈ రోజుల్లో 40 గ్రాములన్నది ఉత్త కాగితం మీది మాటే. 2026 ఫిబ్రవరిలో కొత్త బ్యాగేజీ రూల్స్ వచ్చాక బరువు చూస్తే చాలు. కాబట్టి మీ అమ్మాయి 40 పోను మిగతా 20 గ్రాములకు డ్యూటీ కట్టాలి. దిగగానే రెడ్ చానల్‌లోకి (డ్యూటీ కట్టాల్సినవి ఉన్నవాళ్లు వెళ్లే దారి; ఏమీ లేనివాళ్లది గ్రీన్) వెళ్లి, బిల్లు చూపించి, ఇదిగో ఇంత ఉంది అని చెప్పేస్తే పని అయిపోతుంది. రెడ్ చానల్ అంటే దొంగలు వెళ్లే దారి అన్నట్టు మనవాళ్లు ఎందుకు జంకుతారో నాకైతే అర్థం కాదు. చెప్పకుండా గ్రీన్‌లో నడిచి దొరికితే నగ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, పైన జరిమానా. ఇంకోటి, బిస్కెట్లు, నాణేలు నగల కిందకు రావు, వాటికి ఈ మినహాయింపు వర్తించదు.

ఇక్కడి నుంచి వేసుకెళ్లిన పాత నగలుంటే వాటి గొడవ వేరు. వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో, ఈ నగలు ఇక్కడి నుంచి తీసుకెళ్లినవే అని రాసిచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే తిరిగొచ్చేటప్పుడు అడిగేవాళ్లకు కాగితం చూపిస్తే సరి. ఆ హడావిడిలో ఎవరూ తీసుకోరు, అదే చిక్కు.

ప్రశ్న: మా బావమరిది భార్యాపిల్లలతో షార్జా నుంచి గన్నవరం దిగుతున్నాడు. నాకోసం లక్షా నలభై వేల ఫోను తెస్తున్నాడు. నలుగురి లిమిట్లు కలిపితే సరిపోతుంది కదా? డబ్బా తీసేస్తే పాత ఫోను అనుకుంటారట. మందు, సిగరెట్ల సంగతి కూడా చెప్పండి.
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: కలపడానికి వీల్లేదు. కొత్త రూల్స్‌లో మన దేశంలో ఉండేవాళ్లకూ భారత సంతతి టూరిస్టులకూ మనిషికి 75 వేల విలువ వరకు వస్తువులకు డ్యూటీ లేదు (పాత రూల్స్‌లో 50 వేలు), ఒకరిది ఇంకొకరి ఖాతాలో వేయడం కుదరదని రూల్‌లోనే ఉంది. ఆయన ఇంకేమీ తేకపోతే 75 వేలు పోను మిగతా 65 వేల మీద డ్యూటీ పడుతుంది. డబ్బా ఐడియా గురించి: ఫోను ఆన్ చేయమంటారు, రకరకాల భాషల్లో 'హలో' అని తెర మీద తేలుతుంటే, పక్కన అంచులకు ప్లాస్టిక్ పొర ఇంకా అతుక్కునే ఉంటే, అది పాతదని ఆయన ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఒక ల్యాప్‌టాప్ ఈ లెక్కలోకి రాకుండా విడిగా ఉచితం, ఫోనుకు ఆ వెసులుబాటు లేదు. టీవీ తెచ్చే ఆలోచన ఉంటే మానుకోమనండి, దానికి మొదటి రూపాయి నుంచే డ్యూటీ.

మందు రెండు లీటర్లు, సిగరెట్లు 100. కార్టన్‌లో 200 ఉంటాయి, అక్కడే అందరూ బోల్తా పడేది. డ్యూటీ ఫ్రీ షాపు అని బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడ కొన్నదంతా ఫ్రీ కాదు, అక్కడ ఎక్కేముందు కొన్నవీ ఇక్కడ దిగాక కొన్నవీ కలిపే ఆ రెండు లీటర్లు.

ప్రశ్న: అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆవకాయ, నాటుకోడి పచ్చడి, కరివేపాకు, పది కిలోల సోనామసూరి సర్దాను. పర్వాలేదా?
– ఓ పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఆవకాయ ఒక్కటే ఉంచండి, మిగతావి ఇంట్లోవాళ్లకు ఇచ్చేయండి. నాటుకోడి పచ్చడి ఎంత బాగా వేయించినా మాంసమే. బియ్యం, శనగల్లో వచ్చే ఓ పురుగుకి భయపడి మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకును నిమ్మజాతి చెట్ల తెగుళ్ల భయంతో ఆపుతారు. ఆవకాయ సంగతి కూడా అడిగినప్పుడు దాచకుండా చెప్పండి, తిండి వస్తువులు ఉండి లేవంటే జరిమానా 10,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు. దారిలో దుబాయ్‌లో రెండు రోజులు దిగి వెళ్లే ప్లాన్ ఉంటే మసాలా డబ్బాలో గసగసాలు లేకుండా చూసుకోండి. అక్కడ వాటిని మత్తుమందు కింద లెక్కేస్తారు, అరెస్టు దాకా వెళ్లొచ్చు.

ప్రశ్న: తిరిగొచ్చేటప్పుడు డబ్బు ఎంత తేవచ్చు?
– ఓ పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: డాలర్లు ఎన్నైనా తేవచ్చు, కాకపోతే నోట్లు 5,000 డాలర్లు దాటినా, ట్రావెలర్స్ చెక్కులతో కలిపి 10,000 దాటినా దిగగానే డిక్లరేషన్ ఇవ్వాలి. మన రూపాయలైతే 25 వేల వరకే.