గజాలున్నాయి, తులాలున్నాయి, చేతిలో పైసలు లేవు

ప్రశ్న: నాకు 55 ఏళ్లు, నా భార్యకు 51. కాజీపేటలో ఉంటాం. హన్మకొండలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని. జీతం చేతికి 46 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. సొంతిల్లు, ధర్మసాగర్ వైపు 200 గజాలు, హసన్‌పర్తి వైపు 150 గజాలు, 22 తులాల బంగారం, పీఎఫ్‌లో 11 లక్షలు, బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. నా భార్యకు షుగర్ ఉంది, కంపెనీ హెల్త్ కార్డు వాడుకుంటున్నాం. మామునూరు ఎయిర్‌పోర్టు వస్తుందని ఆ వైపు 14 లక్షలకు ఒక ప్లాటు చూశాం. బంగారం బ్యాంకులో పెట్టి 6 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల మిత్తికి 8 లక్షలు తెద్దామనుకుంటున్నా. 58కి రిటైరయ్యాక దాన్ని అమ్మితే మా ఇద్దరికీ గడుస్తుందా? బయానా ఇమ్మని తొందర పెడుతున్నారు.

జవాబు: బయానా ఇవ్వకండి. ఇలాంటి ప్రశ్నలు వరంగల్, కరీంనగర్ వైపు నుంచి తరచూ వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. ఆస్తి ఎంతుందంటే గజాల్లో, తులాల్లో చెబుతారు. రేపు పొద్దున్నే రెండు లక్షలు కావాలంటే ఎక్కడి నుంచి తెస్తారంటే మాత్రం జవాబు రాదు. మీ బ్యాంకులో ఉన్న 60 వేలు మీ ఇంటికి రెండు నెలలు కూడా రావు.

ముందు అప్పు సంగతి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16 వేలు. బంగారం మీద బ్యాంకు 9 శాతమే వేసుకుందనుకున్నా ఇంకో 4,500. నెలకు 20,500 మిత్తికే పోవాలి, మీకు మిగిలేది 14 వేలు. కట్టలేని మిత్తిని అసలులో కలిపి మూడేళ్లలోపు నోటు తిరగరాయించుకుంటారు, అక్కడి నుంచి మిత్తికి మిత్తి పడుతుంది. అది లేకుండానే చూసినా మూడేళ్లకు మిత్తి 7,38,000. రిజిస్ట్రేషన్ ఖర్చు పక్కన పెట్టినా ప్లాటు 21 లక్షల పైన పోతేనే మీ డబ్బు మీకు వచ్చినట్టు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చిన సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు. మీకు చెప్పిన 14 లక్షల్లో ఆ ఆశ కూడా కలిసే ఉంది. రిటైర్మెంట్‌కు మూడేళ్ల ముందు రెండు రూపాయల మిత్తికి నోటు రాసి భూమి కొనడం ఏ లెక్కలోనూ నిలవదు.

పైగా ఆపతికి అక్కరకొచ్చేది మీ దగ్గర బంగారం ఒక్కటే. గంటలో డబ్బయ్యే ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్లి ఏళ్ల తరబడి కదలని భూమిలో పెడతానంటున్నారు. రాత్రి పదకొండింటికి గుండెనొప్పి వస్తే ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో ముందు అడ్వాన్సు కట్టమంటారు. ధర్మసాగర్ ప్లాటులో యాభై గజాలు కోసి అక్కడ ఇవ్వలేరు. మీరు అమ్మకానికి పెట్టిన సంగతి తెలిస్తే, కొనేవాడు మూఢం పోయాక చూద్దామంటాడు, మీ తొందర కనిపెట్టి గజానికి వెయ్యి తగ్గించి అడుగుతాడు. లేఅవుట్‌కు ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) తేల్చుకు రమ్మంటాడు. ఆసుపత్రి అన్నాళ్లు ఆగదు.

అందుకే ఆ పాత రెండు ప్లాట్లలో ఒకటి ఇప్పుడే, తొందర లేనప్పుడే, అమ్మండి. వచ్చినదాంట్లోంచి ఏడాది ఖర్చు, అంటే 3,84,000, ముందు పక్కన పెట్టండి. ఒకే ఎఫ్‌డీగా వద్దు. యాభై వేల చొప్పున విడివిడిగా, ఇద్దరి పేర్ల మీద, ఎవరు వెళ్లినా తీసుకునేలా వేయండి. అవసరానికి ఒకటి రెండు విరిపిస్తే మిగతావాటి వడ్డీ పోదు. దీన్ని పిల్లల ఇంటి పనికో, ఎవరి చేబదులుకో ముట్టుకోవద్దు.

ఇక కంపెనీ హెల్త్ కార్డు. అది మీ ఉద్యోగంతో పాటే పోతుంది. అప్పటికి మీకు 58, మీ భార్యకు 54, ఇద్దరి చేతిలో ఏమీ ఉండదు. ఉన్న జబ్బులకు పాలసీలు పెట్టే వెయిటింగ్, అంటే కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం, 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. ఇద్దరికీ కలిపి కనీసం 10 లక్షల సొంత పాలసీ ఇప్పుడు తీసుకుంటే, సరిగ్గా కార్డు పోయే నాటికి షుగర్‌కు సంబంధించిన చికిత్సలకు కూడా కవర్ మొదలవుతుంది. రిటైరయ్యాక తీసుకుంటే 61 దాకా ఆ ఖర్చు మీదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. కంపెనీ కార్డు ఉంది కదా అని ఆగేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

నెలవారీ ఆదాయం మాటకొస్తే, పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్ మీకు నాలుగైదు వేలు వస్తుందనుకుందాం. పీఎఫ్ మూడేళ్లలో 15 లక్షలకు చేరిందనుకుందాం. రిటైరై ఆ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లో సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేస్తే, ఇప్పటి 8.2 శాతం లెక్కన నెలకు పది వేల పైచిలుకు. రెండూ కలిపినా మీ ఖర్చులో సగమే. మిగతా సగం ప్లాటు డబ్బులోంచే రావాలి, మూడో ప్లాటు కొంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. మ్యూచువల్ ఫండ్లలో కొంత పెట్టొచ్చు, ఏడాది ఖర్చు పక్కన పెట్టి, పాలసీ తీసుకున్నాకే. చిట్టీ అయితే రిజిస్టర్డ్ తప్ప మరొకటి వద్దు.

ఈ నెలలోనే పాలసీ ప్రపోజల్ నింపండి. ఏజెంట్ ఫర్వాలేదన్నా సరే, షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో, ఏ మాత్రలు వాడుతున్నారో మీ చేత్తోనే రాయండి. దాస్తే రేపు క్లెయిమ్ ఆపడానికి కంపెనీకి అదే కారణమవుతుంది.