డైనోసార్ పన్ను చెప్పినంతే రాయి

అనంతపురం

అబ్బీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివినా. డైనోసార్ల మీద తెలుగులో రాయాలని పూనుకున్నావు, చాలా సంతోషం. ఒక్క వాక్యం మాత్రం నన్ను నిద్రపోనీలేదు: "పదునైన పళ్లవి మాంసం తినేవి, మొండి పళ్లవి ఆకులు తినేవి." ఇంత తొందరెందుకు?

మా నాయన సంతలో ఎద్దును కొనేముందు నోరు తెరిపించి చూసేవాడు. రెండు పళ్ల కోడెనా, ఆరు పళ్లదా అని వయసు చెప్పి ఊరుకునేవాడు కాదు. పళ్లు అరిగిన తీరు చూసి, ఇసుక నేలలో మేపినారా అని అడిగేవాడు. నువ్వూ అట్లా చూడాల.

మాంసం తినే టైరనోసారస్ పన్ను వేరుతో కలిపి అడుగు దాకా ఉంటుంది. అంచులు కక్కు పెట్టిన కొడవలి మాదిరి. కండ కోసేదానికి అంత లావు పన్ను అక్కర్లేదు, ఎముక విరిచేదానికి కావాల. కెనడాలో దొరికిన, దానిదేనని భావిస్తున్న శిలాజ మలంలో నలిగిన ఎముక ముక్కలు ఉన్నాయని 1998లో వెల్లడించినారు. స్పైనోసారస్ పళ్లు వేరు, కక్కు లేని శంకువులు. జారిపోయే చేపను పట్టేదానికి అవి.

బాతుమూతి డైనోసార్లకు వందల పళ్లు ఒకదానికొకటి ఒరుసుకొని తిరగలి రాయిలా అరుగుతాయి. ఆకులు మేసే పొడుగు మెడ డిప్లోడోకస్‌వి పెన్సిళ్ల మాదిరి సన్నవి. ఒక్కో పన్ను సుమారు 35 రోజులకే మారిపోయేదని లెక్కగట్టినారు. అంత సన్నటివి నమిలేదానికి కావు. కొమ్మ దువ్వి ఆకు రాల్చుకొని మింగేదానికే.

ఇంకొకటి. కడప బండల్లో డైనోసార్ పళ్లు దొరకొచ్చని రాసినావు. కొట్టెయ్. డైనోసార్లు పుట్టకముందు, ఎన్నో కోట్ల ఏళ్ల నాటి రాళ్లవి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వకాల్లో దొరికినవేమో చాలా తర్వాతి జంతువులవి. మన ఊరి మీద ప్రేమ ఉండాల్సిందే, రాయి వయసు మాత్రం మార్చకూడదు.

నువ్వు వదిలేసిన సంగతి మహారాష్ట్రలోని పిస్దూరాలో ఉంది. అక్కడి శిలాజ పేడలో గడ్డి ఆకుల్లో ఏర్పడే సన్నటి సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) రేణువులు కనిపించినట్టు 2005లో ప్రకటించినారు. వరికి దగ్గరి చుట్టాలైన గడ్డి కూడా అందులో ఉంది! అంతకుముందు డైనోసార్ల కాలంలో అన్ని రకాల గడ్డి ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆ పేడ పెట్టినవి పెద్ద మెడల టైటనోసార్లని అంచనా. వాటి పళ్లు తిరగళ్లు కావు.

మరి ఆ గడ్డి ఎక్కడ నలిగింది? కడుపులోనా? ఆ ప్రశ్నతో మూడో పేరా మొదలుపెట్టి, వచ్చే వారం పంపు.

మీ పెద్దాయన