జిరాక్స్ షాపుకు పోకముందే చదువు

చి. అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఎస్వీ యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ పిహెచ్‌డీకి సీటొచ్చిందనీ, హైస్కూలు పిల్లల్లో, టీచర్లలో ప్రేరణ గురించి పని చేయబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల ఇంత పెద్ద పనికి పూనుకుందంటే ఎంత గర్వంగా ఉందో నీకెట్ల చెప్పేది! అంతలోనే ఇంకో మాట చెప్పింది. ఆరొందల ఫారాలు జిరాక్స్ కొట్టించి తెలిసిన హెడ్మాస్టర్ల చేతికిస్తే వారంలో నిండి వచ్చేస్తాయని అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి, డీఈఓ ఉత్తర్వు, ఎంఈఓకు కాపీ, హెడ్మాస్టరుతో ముఖాముఖి మాట, తల్లిదండ్రుల సంతకం, పిలకాయల సొంత ఒప్పుకోలు. వరుస తప్పొద్దు. తల్లిదండ్రులకు పంపే కాగితం ఒక్క పేజీ దాటకూడదు, ‘మీ బిడ్డ వద్దనుకుంటే మానుకోవచ్చు, దానివల్ల మార్కులు తగ్గవు’ అన్న వాక్యం పైనే ఉండాలి. జనవరి తర్వాత పదో తరగతి జోలికి పోవద్దు. మధ్యాహ్న భోజనం ముందు పీరియడ్ అడగొద్దు, ఆకలి మీదున్న పిలకాయలు ఏ గడిలో పడితే ఆ గడిలో టిక్కు పెడతారు.

ఇక అసలు సంగతి. ప్రేరణ ఎంత ఉందని అడగొద్దు, ఏ రకానిదో అడుగు. హోంవర్కు ఎందుకు చేస్తావంటే ఒక పిల్ల ‘చెయ్యకపోతే సార్ తిడతాడు’ అంటుంది. ఇంకో పిల్ల ‘చెయ్యకుండా పోతే నాకే తలకొట్టేసినట్టుంటుంది’ అంటుంది. మూడో పిల్ల ‘నేను నర్సు కావాలి, సైన్సు రాకపోతే ఎట్ల?’ అంటుంది. నాలుగో పిల్ల ‘చిక్కు లెక్క తెగితే భలే ఉంటుంది’ అంటుంది. నలుగురూ హోంవర్కు చేసినవాళ్ళే, మార్కులూ ఇంచుమించు ఒకటే ఉండొచ్చు. కానీ అయ్యోరు సెలవు పెట్టిన రోజు పుస్తకం తెరిచేది వాళ్ళలో ఎవరు? రిచర్డ్ రయాన్, జేమ్స్ కానెల్ 1989లో అచ్చువేసిన ప్రశ్నావళి ఈ నాలుగు కారణాలనే విడదీసి కొలుస్తుంది. నాలుగింటినీ ఒకే అంకెగా మార్చే పద్ధతీ ఉంది: భయానికి -2, సిగ్గుకు -1, ప్రయోజనం తెలిసి చేసేదానికి +1, ఇష్టానికి +2 వేసి కూడతారు. ఆ ఒక్క అంకె మీద థీసిస్ నిలబెట్టొద్దు. భయమూ ఇష్టమూ రెండూ బలంగా ఉన్న పిల్లా, రెండూ లేని పిల్లా ఆ లెక్కలో ఒకే చోట తేలతారు. నాలుగు స్కోర్లూ విడివిడిగా చూపించు.

బహుమానాల మాట వస్తుంది కదా, అక్కడ తొందరపడి ఒక పక్షం ఎక్కొద్దు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం నువ్వు చదివే ఉంటావు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకట్రెండు వారాల తర్వాత ఎవరికీ ఏ ఆశా చూపకుండా స్కెచ్ పెన్నులు బల్ల మీద పెడితే, ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగం సేపే వాటితో ఆడారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. ఇది పట్టుకుని ‘బహుమతి ఇస్తే ప్రేరణ చచ్చిపోతుంది’ అని రాసేస్తారు చాలామంది. కానీ మన ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగం ఉంది, 2011లో అచ్చయింది. పిల్లల మార్కులు పెరిగినదాన్నిబట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, రెండేళ్ళ తర్వాత పిల్లల స్కోర్లు మిగతా బడులకన్నా లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఎక్కువగా వచ్చాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మొదటిది ఆశ తీసేశాక మిగిలిన ఇష్టాన్ని కొలిచింది, రెండోది ఆశ ఉండగా వచ్చిన మార్కుల్ని కొలిచింది. నువ్వు ఏది కొలుస్తున్నావో మొదటి అధ్యాయంలోనే తేల్చి చెప్పు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతికొస్తాను. ఫారాలు క్లాస్ టీచర్ చేతికిచ్చి నింపించి తెప్పించుకోవడం మన దగ్గర థీసిస్ తర్వాత థీసిస్‌లో జరుగుతూ వస్తున్న తప్పు. అందరికీ సుళువు కాబట్టి ఎవరూ అడగరు. అయ్యోరు ఫారాలు పంచుతూ ‘బడి పేరు చెడగొట్టొద్దురా, బాగా రాయండి’ అంటాడు. ఆయన చెడ్డవాడై కాదు, తనిఖీ అనుకుని. వరుసల మధ్య నడుస్తూ భుజం మీంచి చూస్తాడు. ‘మా టీచర్ నా మాట వింటారు’ అన్న ప్రశ్న దగ్గర పెన్సిల్ పట్టుకున్న పిల్ల ఏ గడిలో టిక్కు పెడుతుందో వేరే చెప్పాలా? అప్పుడు నీ చేతికొచ్చేది ప్రేరణ లెక్క కాదు, వినయం లెక్క.

అట్లాంటి ఫారం చూడగానే తెలిసిపోతుంది. పేజీ పైనుంచి కిందివరకు ‘పూర్తిగా నిజం’ గడిలో టిక్కులు దారం కట్టి గీసినట్టు నిలువుగా ఉంటాయి. నడుమ ‘బడికి రావాలంటే విసుగు’ అనే తిరగేసిన ప్రశ్న పెట్టి ఉంటావు, దానికీ అదే గడి. పక్కపక్క బెంచీల ఫారాలు తీస్తే టిక్కుకు టిక్కు ఒకటే. కంప్యూటర్లో వేస్తే ప్రతి ప్రశ్నకూ సగటు 5కు 4.6, 4.7 దగ్గర అతుక్కుని, విస్తరణ ఉండదు. పిల్లకూ పిల్లకూ తేడా లేనప్పుడు దేనితో సహసంబంధం (ఒకటి మారితే ఇంకోటీ దాంతోపాటు మారే తీరు) కడతావు? ఏదో వచ్చినా అది భయపడే తరగతికీ భయపడని తరగతికీ ఉన్న తేడానే అవుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. అన్నిటికీ ఒకే గడి కొట్టిన ఫారాలు ఎక్కువుంటే, తిరగేసిన ప్రశ్నలు లేని స్కేలులో క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నావళి నిలకడను చూపే అంకె) పెరిగి 0.9 కూడా దాటొచ్చు, గైడు కూడా బాగుందంటాడు. ఆల్ఫా ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయనే చెబుతుంది, పిల్ల నిజం రాసిందని చెప్పదు.

కాబట్టి ప్రతి తరగతికీ నువ్వే పోవాలి. హెడ్మాస్టరు పక్కన నడుస్తూ తరగతిలోకి అడుగుపెట్టొద్దు. క్లాస్ టీచర్‌ను మర్యాదగా స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టి, అదే సమయంలో ఆయన ఫారం ఆయన్ని నింపమను. బెంచీకి ఇద్దరికి మించి వద్దు, చోటు చాలకపోతే వరండాలో చాపలు పరిపించు. ‘ఇది పరీక్ష కాదు, తప్పొప్పులు లేవు, మీ సార్లకు చూపించను’ అని చెప్పి, తమాషా ప్రశ్న ఒకటి బోర్డు మీద రాసి టిక్కు పెట్టడం నేర్పు. ‘నాకు కాకరకాయ కూరంటే ఇష్టం’ చాలు. నవ్వుతారు, ఐదు గడులూ వాడటం అప్పుడే వస్తుంది. తర్వాత ప్రతి ప్రశ్నా నువ్వే రెండుసార్లు గట్టిగా చదువు. చదవడం రాని పిల్ల ఎనిమిదో తరగతిలోనూ ఉంటుంది, ఆ సంగతి పక్కవాళ్ళకు తెలియనివ్వకూడదు. నలభై నిమిషాల పీరియడ్‌కు ముప్పై ప్రశ్నలు మించొద్దు. అయిపోయాక ఎవరి ఫారం వాళ్ళే కవర్లో పెట్టి అంటించి, తలుపు దగ్గరున్న సంచిలో వేసి పోవాలి. లీడరుతో ఏరించొద్దు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిలకాయలుంటారు, కుప్పం వైపు కన్నడం కూడా. అక్కడికి ఆ భాష వచ్చిన స్నేహితురాలిని తోడు తీసుకుపో. అన్నట్టు, దూరం బడులకు పోయిన రోజు సాయంత్రం ఐదుకల్లా తిరుగు బస్సులో ఉండాలి, ఒక తరగతి మిగిలిపోయినా సరే. మీ అమ్మ చెప్పమంది, నా మాట కూడా అదే.

పేర్లు రాయించొద్దు. రెండోసారి అదే పిల్లను కలవాలంటే నంబరు కావాలి కాబట్టి, నంబరు ఏ పేరుదో చెప్పే జాబితా వేరే పుస్తకంలో రాసి వేరే బీరువాలో తాళం వెయ్యి. హెడ్మాస్టరు కాఫీ ఇప్పించి, ‘ఊరికే, మా వాళ్ళలో ఎవరెట్ల ఉన్నారో చెప్పమ్మా’ అని అడుగుతాడు. చెప్పావో, పిల్లకు అన్యాయం చేసినట్టే. రాబర్ట్ రోజెంతాల్, లెనోర్ జేకబ్‌సన్ 1968లో ప్రకటించిన ప్రయోగంలో టీచర్లకు సుమారు ఐదో వంతు పిల్లల పేర్లిచ్చి ‘వీళ్ళు ఈ ఏడాది బాగా ఎదుగుతారు’ అన్నారు. ఆ పేర్లు చీటీలు తీసినట్టు ఎంచినవే. ఏడాది చివరికి ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల తెలివి పరీక్ష స్కోర్లు మిగతావాళ్ళకన్నా ఎక్కువ పెరిగాయన్నారు. వాళ్ళ పరీక్ష, లెక్కల మీద విమర్శలు చాలా వచ్చాయి, అవీ చదువు. కానీ మంచి మాటే అంత పని చేయగలదన్న అనుమానం ఉన్నప్పుడు, ‘ఈ పిల్లకు ప్రేరణ తక్కువ’ అన్న మాట స్టాఫ్‌రూమ్‌లో ఏం చేస్తుందో ఆలోచించు. టీచర్ల విషయంలోనూ అంతే. బడిలో లెక్కల టీచరమ్మ ఒక్కతే ఉంటే ‘స్త్రీ, గణితం, ఇరవై ఏళ్ళ అనుభవం’ అని పట్టికలో వేయడం ఆమె పేరు వేయడమే. అట్లాంటి గడులను కలిపెయ్యి.

ఆరొందలు అన్నావు కదా, ఆ అంకె చూసి మురిసిపోవద్దు. ఒకే తరగతి పిలకాయలు ఒకే అయ్యోరి నీడలో ఉంటారు, వాళ్ళ జవాబులు పోలుతాయి. ఆ పోలికను 0 నుంచి 1 వరకు కొలిస్తే 0.10 అనుకో. తరగతికి తీసుకున్నవాళ్ళలో ఒకరిని తగ్గించి, పోలికతో గుణించి, 1 కలపాలి; వచ్చినదాంతో మొత్తాన్ని భాగించాలి. ఇరవై తరగతుల్లో ముప్పై మంది చొప్పున తీసుకుంటే 1 + 29 × 0.10 = 3.9. ఆరొందల్ని దాంతో భాగిస్తే మిగిలేది ఒకరితో ఒకరికి పోలిక లేని సుమారు 154 మంది విలువ. అదే ఆరొందల్ని నలభై తరగతుల్లో పదిహేను మంది చొప్పున తీసుకుంటే 1 + 14 × 0.10 = 2.4, విలువ 250. తిరగడం రెట్టింపవుతుంది, నిజమే. కానీ టీచర్ల వైపు నీకున్నది ఇరవై మందా నలభై మందా అన్నదే అక్కడ అసలు లెక్క. టీచరు స్కోరును ముప్పై మంది పిల్లల పక్కన ముప్పైసార్లు రాసి మామూలు రిగ్రెషన్‌లో (ఒకదాన్నిబట్టి ఇంకోటి ఎంత మారుతుందో తేల్చే లెక్కలో) వేస్తే లేని ప్రాముఖ్యం పుట్టుకొస్తుంది. పిల్లల్నీ తరగతినీ వేర్వేరు మెట్లుగా చూసే బహుస్థాయి నమూనా (మల్టీలెవెల్ మోడల్) నేర్చుకో. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌కు పోయి అడగడానికి మొహమాటపడొద్దు.

టీచర్ల దగ్గర ‘మీకు ప్రేరణ ఉందా’ అన్న ప్రశ్న వద్దే వద్దు. హాజరు, భోజనం ఫోటోలు ఫోన్లో ఎక్కించీ ఎక్కించీ విసిగినవాళ్ళు నిన్ను కూడా ఇంకో తనిఖీ అనుకుంటారు. ‘పోయిన వారం ఏ క్లాసు బాగా జరిగింది? అందులో ఏం చేశారు?’ అని మొదలుపెట్టి అరగంట విను. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ బృందం 1982లో చేసిన ప్రయోగంలో, పజిల్స్ నేర్పేవాళ్ళకు ‘మీ విద్యార్థి ఫలానా స్థాయికి రావడం మీ బాధ్యత’ అని చెబితే వాళ్ళు ఎక్కువ మాట్లాడారు, ఎక్కువ ఆజ్ఞలిచ్చారు. మన పదో తరగతి ఫలితాల రివ్యూ మీటింగులు తలుచుకో. పిలకాయల మీద గద్దించే అయ్యోరి మీద ఎవరు గద్దిస్తున్నారో నీ ప్రశ్నావళిలో చోటుండాలి. పెల్లెటియే బృందం 2002లో కెనడా టీచర్లతో చేసిన పని దానికి దారి చూపిస్తుంది. వాళ్ళు పైనుంచి వచ్చే ఒత్తిడినీ, తరగతి నుంచి వచ్చే ఒత్తిడినీ వేరుగా చూశారు.

ఒక్కసారి కొలిచి ‘టీచరు ఉత్సాహం వల్ల పిల్లల ఉత్సాహం’ అని రాయొద్దు, తల్లీ. చురుకైన తరగతి దొరికిన టీచరు ఉత్సాహంగా ఉండటం మనందరికీ తెలిసిందే కదా. స్కిన్నర్, బెల్‌మాంట్ 1993లో 144 మంది పిల్లల్నీ 14 మంది టీచర్లనూ విద్యా సంవత్సరం పొడుగునా గమనిస్తే ప్రభావం రెండు వైపులా నడిచింది. నువ్వు కూడా రెండుసార్లు కొలువు. బదిలీలు, కొత్త చేరికలు సద్దుమణిగాక జులై చివర్లో ఒకసారి, దసరా సెలవులయ్యి పరీక్ష పేపర్లు ఇచ్చిన గొడవ చల్లారాక నవంబరులో మరోసారి. రెండోసారికి కొందరు రారు, కాబట్టి మొదటిసారే ఐదో వంతు ఎక్కువ తీసుకో.

వీటన్నిటికన్నా ముందు పైలట్, అంటే కొద్దిమందితో చేసి చూసే పని. నీ శాంపిల్‌లో లేని బడి ఒకటి చూసుకుని, ముప్పై మందితో ఫారం నింపించు. వాళ్ళలో ఏడెనిమిది మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ‘ఈ ప్రశ్న నీకు ఏమర్థమైంది, నీ మాటల్లో చెప్పు’ అని అడుగు. చెప్పలేకపోయిన ప్రశ్నను మార్చు, పిల్లను కాదు. ఆ ముప్పై ఫారాల్నీ తీసుకుని ఆదివారం ఇంటికి రా, మధ్యాహ్నం భోంచేసి ఇద్దరం కూర్చుని ఒక్కో ప్రశ్నా చూద్దాం. గైడుగారితో జులై తేదీలు ఖాయం చేసుకునే లోపు రావాలి.

ఇట్లు,
పెద్దమ్మ