పీఎస్3లో పెళ్లి వీడియో ఆడాలంటే

విజయవాడలో ఫొటోగ్రాఫర్ ఇచ్చిన ఎంకేవీ రకం పెళ్లి వీడియోకి చివర ఎంపీ4 అని పేరు మార్చినా పీఎస్3 (ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్) "అన్‌సపోర్టెడ్ డేటా" అంటోంది, ఏం చేయాలని ఒకరు అడిగారు.

పేరు మారిస్తే ఫైల్ మారదండీ. ఎంపీ4, ఎంకేవీ అనేవి వీడియో, ఆడియో కలిపి పెట్టే డబ్బాలు మాత్రమే, లోపల ఏముందన్నదే అసలు సంగతి. పీఎస్3కి ఎంకేవీ డబ్బా తెరవడం రాదు, లోపలి వీడియో హెచ్.265 అనే కోడెక్‌లో (వీడియోని కుదించే పద్ధతి) ఉంటే అసలే అర్థం కాదు. ముందు కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి కోడెక్ వివరాలు చూడండి. హెచ్.264 (పీఎస్3కి అర్థమయ్యే కోడెక్) ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో వీడియోని ముట్టుకోకుండా డబ్బాని ఎంపీ4కి మార్చుకోవచ్చు. నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. హెచ్.265 అయితే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో హెచ్.264, హై ప్రొఫైల్, లెవెల్ 4.1 అనే సెట్టింగులు పెట్టండి. ఆడియోని మాత్రం ఎలాగైనా ఏఏసీ (ఆడియో కోడెక్) స్టీరియోకి మార్చుకోండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే నేను మొదట అనుమానించేది దాన్నే.

గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారి షష్టిపూర్తి వీడియోకి ఇవన్నీ చేశాను, అయినా కనిపించలేదు. చూస్తే పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌లో ఉంది! పెన్‌డ్రైవ్ ఫార్మాట్లలో పీఎస్3 చదివేది ఫ్యాట్32 ఒక్కటే. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి. అందుకే మాంగల్యధారణ దాకా ఒక ముక్క, అక్షింతల నుంచి ఇంకో ముక్క చేశాను. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32కి ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే అంతా వేరేచోట దాచుకోండి, పెళ్లి వీడియో మళ్లీ తీయలేం.

అప్పటికీ ఫైల్ కనబడకపోతే, వీడియో మెనూలో పెన్‌డ్రైవ్ గుర్తు మీద ట్రయాంగిల్ నొక్కి "డిస్‌ప్లే ఆల్" ఎంచుకోండి.