లివిన్యో లోయకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆగస్టులో స్నేహితులతో కలిసి ఆల్ప్స్‌లో కొండ సైకిళ్లు తొక్కడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ వెంటనే నువ్వు పంపిన కార్యక్రమం చదివాను. "కొండ మీదికి తీగల మీద వెళ్లే లిఫ్టులో పైకి వెళ్లి రోజుకు ఆరుసార్లు దిగుతాం మామయ్యా" అని రాశావు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇటలీలోని లివిన్యో, మంచి చోటే ఎంచుకున్నావు. 2005లో కొండ సైకిళ్ల ప్రపంచ పోటీలు జరిగిన లోయ అది. ఒకవైపు మొత్తోలినో కొండవాలు, ఎదురుగా కరోసెల్లో కొండవాలు, మధ్యలో పొడుగ్గా ఊరు. మిలాన్ నుంచి తిరానో దాకా రైలు, అక్కడి నుంచి బోర్మియో మీదుగా బస్సు ఉంటాయి. సైకిలు తీసుకెళ్తున్నట్టు బస్సువాళ్లకు ముందే చెప్పండి. మీలో ఎవరికైనా బ్యాటరీ సైకిలు ఉంటే విమానంలో తీసుకెళ్లాలని చూడవద్దు. అంత పెద్ద బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించుకోరు. అక్కడే అద్దెకు తీసుకోండి. టైర్లలో గాలి నింపే గ్యాసు గుళికల గురించి కూడా విమాన సంస్థను అడగండి. అవి దొరక్కపోయినా చేతిపంపు చాలు.

ఊరే 1,816 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి రోజు చెరువు పక్క చదును దారిలో తిరిగి, త్వరగా పడుకోండి. మెట్లు ఎక్కితేనే ఆయాసం వస్తే కంగారు పడకు, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పైకి వెళ్లే కొద్దీ చలి పెరుగుతుంది, వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. కింద ఎండ కాస్తోందని గాలికోటు గదిలో వదిలి వెళ్లకు. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములు పట్టుకుంటాయి. కాబట్టి ఎత్తైన గట్ల మీది దారులన్నీ పొద్దున్నే ముగించుకోండి. నడిచేవాళ్లు ఎదురైతే మీరే ఆగి దారి ఇవ్వాలి. గొర్రెల మంద కనిపిస్తే సైకిలు దిగి, దాన్ని నీకూ కాపలా కుక్కకూ మధ్య ఉంచుకుని, మందకు దూరంగా నిదానంగా నడిచి వెళ్లు. పరుగెత్తకు.

ఇవన్నీ నీకు తెలిసినవే, లేదా ఎవరైనా చెప్పేవే. నేను చెప్పదలచుకున్నది బ్రేకుల గురించి.

చాలా ఏళ్ల కిందట ఇదే లోయలో మాతోపాటు ఒక స్నేహితుడు ఉండేవాడు. మా అందరిలోకీ నెమ్మదైనవాడు. దూకుడు అన్నదే ఎరగడు. బయలుదేరే ముందు రోజు రాత్రి గదిలో కూర్చుని కొత్త బ్రేకు ప్యాడ్లు (చక్రం మధ్యనున్న లోహపు డిస్కును నొక్కి ఆపే ముక్కలు) వేసుకున్నాడు. తెల్లవారగానే లిఫ్టు ఎక్కి నేరుగా పైకి వచ్చాడు. దిగడం మొదలుపెట్టిన దగ్గర నుంచి రెండు బ్రేకులూ సన్నగా నొక్కి పట్టుకునే ఉన్నాడు. వదిలితే వేగం పెరుగుతుందని భయం. నేను వెనుక ఉన్నాను. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. ముందు చక్రం డిస్కు అంచు నీలంగా మారింది. పిలిచి ఆపమన్నాను. "నెమ్మదిగానే వస్తున్నాను కదా" అని వెనక్కి తిరగకుండానే అన్నాడు. మరో రెండు మలుపులు దాటాక, ఎడమవైపు లోయ ఉన్నచోట, బ్రేకు పిడి హ్యాండిల్‌కు పూర్తిగా ఆనుకుపోయింది. చక్రం ఆగలేదు. మనిషి తెలివైనవాడు కనుక కొండ వైపు గడ్డిలోకి పడేశాడు సైకిలును. మెడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

ఆ రోజు జరిగిందేమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే అది నీకు కూడా జరగవచ్చు. బ్రేకు ఎంతసేపు నొక్కి ఉంచితే అంత వేడి డిస్కులో పోగవుతుంది, చల్లారడానికి వ్యవధి ఉండదు. పిడి నొక్కినప్పుడు ప్యాడ్లను తోసేది బ్రేకు గొట్టంలోని నూనె. ఆ వేడి నూనెకు చేరి అది మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కితే నలుగుతుంది, నూనె నలగదు. అందుకే పిడి వట్టి గాలిని నొక్కినట్టు లోపలికి దిగిపోతుంది. లిఫ్టులో పైకెళ్లి రోజంతా దిగేవాళ్లకే ఈ బాధ ఎక్కువ. కాళ్లు అలవకపోవడం వల్ల ఆగాలనే అనిపించదు.

జాగ్రత్తపరులే బ్రేకు నొక్కి పట్టుకుంటారమ్మా. దూకుడుగా పోయేవాళ్లు వదిలి పట్టుకుంటారు. నువ్వు జాగ్రత్తపరురాలివి. నాకు భయం అక్కడే. మలుపుకు ముందు గట్టిగా నొక్కు, మలుపులో వదులు, తిన్నని చోట డిస్కుకు గాలి తగలనివ్వు. ముంజేతులు బిగుసుకున్నాయని తెలియగానే ఆగు. స్నేహితులు ముందుకు వెళ్లిపోతున్నారని తొందరపడకు. వాళ్లను కూడా ఆపు. వేడి డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర పోవచ్చు. చేత్తో అసలే ముట్టుకోవద్దు.

బయలుదేరక ముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కొత్త ప్యాడ్లు వేయిస్తే ఊళ్లోనే చదును రోడ్డు మీద ఇరవై సార్లయినా వేగం పెంచి, చక్రం జారకుండా నడక వేగానికి తగ్గిస్తూ అలవాటు చేయాలి. వేడికి లోహపు ప్యాడ్లే ఎక్కువ నిలుస్తాయి, కానీ కొన్ని డిస్కులకు అవి పనికిరావు. నీ డిస్కు మీద రాసి ఉంటుంది, చూడు. నూనె మార్చి చాలాకాలమైతే మార్పించు. మీ సైకిలుకు ఏ రకం నూనె చెప్పారో అదే పోయాలి, ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే రబ్బరు భాగాలు పాడవుతాయి. నీ వేళ్లు చిన్నవి. చిన్నప్పుడు నా సైకిలు బ్రేకు అందక రెండు చేతులతో ఒకటే పిడి పట్టుకునేదానివి, గుర్తుందా? పిడిని దగ్గరికి జరుపుకునే చిన్న మర ఉంటుంది. చూపుడు వేలి మొదటి కణుపు హాయిగా అందేలా తిప్పుకో. సాగదీసి పట్టుకున్న వేలు అరగంటలో తిమ్మిరెక్కుతుంది.

దారుల కష్టాన్ని ఎస్‌0 నుంచి ఎస్‌5 దాకా (అంకె పెరిగే కొద్దీ కష్టం) సూచించే పటాలు దొరుకుతాయి. నువ్వు ఎస్‌3 గురించి అడిగావు. మొదటి రెండు రోజులు ఎస్‌1 దాటవద్దు. నేను కోప్పడుతున్నానని అనుకోకు. మీ అత్తయ్య నా పక్కనే కూర్చుని "పిల్లను భయపెట్టకండి" అంటోంది. భయపెట్టాలనే రాస్తున్నాను, కొంచెం.

ఎవరూ ఎప్పుడూ ఒంటరిగా విడిపోవద్దు, కనీసం ఇద్దరైనా కలిసి ఉండండి. ప్రమాదం జరిగితే 112. స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కనే ఉంది, కొన్ని దారులు అటు దాటతాయి. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేదు కనుక ఫోను ప్యాకేజీ అక్కడ పనిచేస్తుందో లేదో కనుక్కో. ప్రయాణ బీమాలో కొండ సైకిలు, హెలికాప్టర్ సహాయం రెండూ రాసి ఉన్నాయా అని పత్రం చదివి చూడు, ఏజెంటు మాట మీద వదిలేయకు.

ఆ లిఫ్టు మీద నుంచి పొద్దున కనిపించే లోయను చూడబోతున్నావని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తోంది. నేను చూసినప్పుడు నా పక్కన మన ఇంటివాళ్లు ఎవరూ లేరు.

ఈ వారంలో సైకిలును మెకానిక్కుకు చూపించి, ప్యాడ్ల ఫొటో, డిస్కు మీది రాత ఫొటో నాకు పంపు. ఆదివారం ఫోనులో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య