డల్లాస్ నుంచి న్యూజెర్సీ మారుతున్నాం, టెక్సాస్‌లో కొన్న పిస్టల్ తీసుకెళ్ళొచ్చా? ఏ స్టేట్ ఎంత గన్ ఫ్రెండ్లీ?

మీ ప్రశ్న చూడగానే ఆగలేక రాస్తున్నా, ఎందుకంటే సరిగ్గా ఇదే పరిస్థితి పోయినేడు మా ఇంట్లో వచ్చింది. నేను న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఏడేళ్ళు ఉండి 2021 చివర్లో టెక్సాస్‌లో ఫ్రిస్కో వచ్చేశా, మా బావమరిది పోయిన సమ్మర్‌లో జాబ్ మారి ఇక్కడినుంచి న్యూజెర్సీ వెళ్ళాడు. అంటే రెండు వైపులా చూశాం. నేను లాయర్ని కాదు, రెండు స్టేట్స్‌లో లీగల్‌గా గన్ పెట్టుకున్న గ్రీన్ కార్డ్ వాడిని మాత్రమే.

ముందు ఒక్క మాట, స్టేట్ సంగతి తర్వాత, మీ స్టేటస్ ఏంటి? మీరు రాయలేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసా మీద ఉంటే గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, టెక్సాస్ అయినా అంతే. వ్యాలిడ్ హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అది కూడా లాయర్‌ని అడిగాకే. మన పిల్లలు ఎమ్మెస్‌కి వచ్చి వీకెండ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె గన్ పట్టుకుని ఫోటోలు పెడుతుంటారు, చేతిలో పట్టుకున్నా పొసెషనే అని వాళ్ళకి ఎవరూ చెప్పరు, ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు గుండె జారుతుంది. గ్రీన్ కార్డ్ ఉంటే కొనుక్కోవచ్చు, కానీ గన్ కేసులో కన్విక్షన్ పడితే డిపోర్ట్ చెయ్యడానికి అదొక్కటే చాలు. సిటిజన్‌కి జైలుతో పోయేది మనకి దేశం నుంచి పంపించేసేదాకా వస్తుంది. ఇది గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ఇప్పుడు గన్ ఫ్రెండ్లీ అంటే. నెట్‌లో స్టేట్స్‌కి మార్కులు వేసే లిస్టులు చాలా ఉన్నాయి, గన్ కంట్రోల్ వాళ్ళ లిస్టులో కాలిఫోర్నియా, న్యూజెర్సీకి 'ఏ' గ్రేడ్ వస్తే టెక్సాస్‌కి 'ఎఫ్', గన్ ఓనర్ల లిస్టులో దానికి ఉల్టా. ఆ లిస్టు మనకి పెద్దగా పనికిరాదు. కొనడం వేరు, ఇంట్లో పెట్టుకోవడం వేరు, జేబులో పెట్టుకుని తిరగడం వేరు, కార్లో స్టేట్ దాటించడం పూర్తిగా వేరు. వెర్మాంట్‌నే చూడండి, గన్ పట్టుకు తిరగడానికి అక్కడ ఎప్పుడూ పర్మిట్ అడగలేదు, కానీ 2018లో మ్యాగజైన్ (గన్‌లో బుల్లెట్లు నింపే డబ్బా) సైజుకి లిమిట్ పెట్టారు, టెక్సాస్‌లో ఆ లిమిట్ లేదు. మరి ఏది ఎక్కువ ఫ్రెండ్లీ?

న్యూజెర్సీలో నేను 2016లో కొన్నా. ముందు టౌన్ పోలీస్ దగ్గర ఫైర్ఆర్మ్స్ ఐడీ కార్డ్‌కి అప్లై చెయ్యాలి, ఫింగర్‌ప్రింట్స్ ఇవ్వాలి, ఇద్దరు రిఫరెన్సులు, నా కొలీగ్ ఇంటికి ఫారం వెళ్తే ఆయన కంగారుపడి నాకు ఫోన్ చేశాడు, ఏమైంది నీకు అని. హ్యాండ్‌గన్‌కి ఐడీ కార్డ్ చాలదు, ఒక్కో గన్‌కి ఒక్కో పర్చేజ్ పర్మిట్, అది 90 రోజులే పనిచేస్తుంది. చట్టంలో 30 రోజుల్లో ఇవ్వాలని ఉంటుంది, నాకు నాలుగు నెలలు పట్టింది. 2018లో మ్యాగజైన్ లిమిట్ 15 నుంచి 10కి తగ్గించారు, అంతకుముందు లీగల్‌గా కొన్న 15 రౌండ్లవి (15 బుల్లెట్లు పట్టేవి) కూడా చెల్లవన్నారు, గడువు లోపల షాపుకి తీసుకెళ్ళి లోపల బ్లాక్ పెట్టించి 10కి చేయించుకున్నా.

టెక్సాస్‌లో? షాప్‌కి వెళ్ళా, కౌంటర్ మీద ఫెడరల్ ఫారం 4473 నింపా, సిటిజన్‌షిప్ ఇండియా అని రాసి కార్డ్ మీదున్న ఏలియన్ నంబర్ వేశా, ఆ కుర్రాడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ పెట్టాడు, అరగంటలో డబ్బా చంకన పెట్టుకుని బయటికొచ్చా. పర్మిట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 దాటి, కొనడానికి అర్హత ఉన్న వాళ్ళు లైసెన్స్ లేకుండానే క్యారీ చెయ్యొచ్చు. ఇలాంటి స్టేట్స్ ఇప్పుడు 29 అయ్యాయి, అలాస్కా 2003, ఆరిజోనా 2010, మనవాళ్ళు ఎక్కువున్న జార్జియా 2022.

అలా అని టెక్సాస్‌లో రూల్సే లేవనుకోకండి. షాపుల తలుపు మీద అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో 30.06, 30.07 అని బోర్డులు ఉంటాయి, మొదటిది బట్టల లోపల పెట్టుకుని రావద్దని, రెండోది బయటికి కనబడేలా పెట్టుకుని రావద్దని. బార్ల ముందు ఎర్రగా 51 శాతం అని బోర్డు ఉంటే గన్‌తో లోపలికి అడుగుపెట్టకూడదు. ఇంట్లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా లోడెడ్ గన్ వదిలేస్తే అది నేరం. మా చిన్నది ఏడో క్లాస్, అందుకే నాది వేలిముద్ర సేఫ్‌లో ఉంటుంది, మ్యాగజైన్లు ఇంకో గదిలో.

మన బుర్రలో ఒక లెక్క ఉంటుంది. మా ఊళ్ళో పెదనాన్నగారికి డబుల్ బ్యారెల్ ఉండేది, ఎలక్షన్లు వస్తే తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. లైసెన్స్ అంటే సర్కారు కాగితం, చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు, అదే మన అలవాటు. ఇక్కడ దేశమంతా చెల్లే క్యారీ లైసెన్స్ అనేదే లేదు. టెక్సాస్ లైసెన్స్‌ని న్యూజెర్సీ, న్యూయార్క్, మేరీల్యాండ్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్ ఏవీ ఒప్పుకోవు. 2013లో ఫిలడెల్ఫియాకి చెందిన ఒక తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న మనిషి, న్యూజెర్సీలో కారు ఆపితే నా దగ్గర గన్ ఉందని తనే పోలీస్‌కి చెప్పింది, అక్కడే అరెస్ట్. 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చేదాకా ఆ కేసు వదల్లేదు. అక్కడ పర్మిట్ లేని హ్యాండ్‌గన్‌కి శిక్ష 5 నుంచి 10 ఏళ్ళు, 42 నెలలు పెరోల్ లేకుండా. 2022 జూన్‌లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక క్యారీ పర్మిట్‌కి ప్రత్యేక కారణం చూపించక్కర్లేదు, కానీ అదే ఏడు డిసెంబర్‌లో న్యూజెర్సీ వాళ్ళు దానికి రిఫరెన్సులు నాలుగు చేసి, ఎక్కడెక్కడ తేకూడదో పెద్ద లిస్టు పెట్టారు.

మా బావమరిది మూవ్ అయ్యే రోజు రాత్రి జరిగింది చెప్తా. సామాను అంతా ట్రక్కులో, పిస్టల్ మాత్రం కారు కన్సోల్‌లో (ముందు సీట్ల మధ్య అరలో), లోడ్ చేసి. దార్లో అర్కాన్సా, టెనెస్సీ ఉంటాయి బావా, అక్కడ ఏం కాదు అన్నాడు. నిజమే, అక్కడ ఏం కాదు. కానీ ఐ-81 మీద వెస్ట్ వర్జీనియా దాటాక పన్నెండు మైళ్ళు మేరీల్యాండ్ వస్తుంది, తర్వాత పెన్సిల్వేనియా, అక్కడ కార్లో లోడెడ్ హ్యాండ్‌గన్‌కి లైసెన్స్ ఉండాలి, ఆఖర్న ఐ-78 మీద డెలావేర్ నది దాటితే న్యూజెర్సీ. ఆ బ్రిడ్జి మీద ఎవరూ ఆపి చెప్పరు, అటు పక్క దిగేసరికి చట్టం మారిపోయుంటుంది.

1986 ఫెడరల్ చట్టం దారిలో కాపాడుతుంది, కానీ బయల్దేరే చోటా చేరే చోటా మీకు ఆ గన్ లీగల్ అయ్యుండాలి, బుల్లెట్లు తీసేసి ట్రంక్‌లో ఉండాలి, ట్రంక్ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో, గ్లవ్ బాక్స్, కన్సోల్ లెక్కలోకి రావు. 2005లో యూటా నుంచి ఒకాయన నెవార్క్‌లో కనెక్టింగ్ ఫ్లైట్ మిస్సయ్యి బ్యాగ్ తీసుకుని హోటల్లో పడుకున్నాడు, పొద్దున్నే కౌంటర్‌లో గన్ ఉందని చెప్తే అరెస్ట్ చేశారు, బ్యాగ్ చేతికొచ్చింది కాబట్టి ఆ చట్టం వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు చెప్పింది. నెవార్క్ మీదుగా మాత్రం గన్‌తో ఎగరొద్దు.

ఆ రాత్రి గరాజ్‌లో కూర్చుని పిస్టల్ ఖాళీ చేశాం, తాళం పెట్టెలో పెట్టి ట్రంక్ అడుగున సర్దాం, బుల్లెట్లు వేరే పెట్టెలో. న్యూజెర్సీ చేరాక 60 రోజుల్లో ఐడీ కార్డ్‌కి అప్లై చేసి, బయటినుంచి తెచ్చిన గన్‌ని రిజిస్టర్ చేయించాలి, అది చేశాడు. హాలో పాయింట్ బుల్లెట్లు (మొనలో గుంత ఉండి తగలగానే విచ్చుకునేవి) అక్కడ ఇంట్లో, రేంజ్‌లో పర్లేదు, బయట తిప్పితే కేసు, అందుకని మామూలువే తీసుకెళ్ళాడు.

మీరు ట్రక్ బుక్ చేసే ముందే ఆ స్టేట్ లాయర్‌తో అరగంట మాట్లాడండి, మావాడు మాట్లాడాడు. మ్యాగజైన్ల సంగతి ఆయన చెప్పేదాకా మాకు తట్టలేదు. అందుకే వాడి 17 రౌండ్ల మ్యాగజైన్లు రెండూ ఇప్పటికీ ఫ్రిస్కోలో మా సేఫ్‌లోనే ఉన్నాయి.