కొత్త డోర్‌బెల్ కొనేముందు ట్రాన్స్‌ఫార్మర్ చూడండి

పాత వీడియో డోర్‌బెల్ రాత్రిళ్లు ఆఫ్‌లైన్ అయిపోతోంది, హోమ్ అసిస్టెంట్‌తో (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) కలిసేది ఏది కొనాలి అని అడిగారు కదా. ముందు డోర్‌బెల్‌కు వోల్టేజీ తగ్గించి పవర్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన వోల్టేజీ చూడండి. చాలా వైర్డ్ మోడళ్లకు 16 నుంచి 24 వోల్టుల ఏసీ కావాలి. మీది 8 లేదా 10 వోల్టులదైతే, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే పవర్ చాలక కెమెరా రీస్టార్ట్ అవుతూ ఉంటుంది, కొత్తది పెట్టినా అదే గొడవ. నాకూ ఇలాగే అయింది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకే కుదుటపడింది (మెయిన్ ఆపకుండా మాత్రం ముట్టుకోకండి).

మోడల్ విషయానికొస్తే ఆర్‌టీఎస్‌పీ లేదా ఆన్‌విఫ్ (కెమెరా వీడియోను వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ కూడా తీసుకోగలిగే పద్ధతులు) ఉన్నదే తీసుకోండి, వీడియో మీ ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు. బ్యాటరీవి వద్దంటాను. అవి చాలావరకు కదలిక తెలిశాకే నిద్రలేస్తాయి, ఈలోగా వచ్చినవాళ్లు వెనక్కి తిరిగితే మీకు దొరికేది వీపే. గుమ్మం దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగగలిగితే పీఓఈ (ఆ కేబుల్‌లోనే పవర్ కూడా అందే) మోడల్ తీసుకోండి, వైఫై టెన్షనే ఉండదు.